మజిలీ తప్పిన మహానగరం

1937 జూన్ 17న కరాచీ నుంచి వచ్చిన రెండింజన్ల విమానం ఒకటి కలకత్తా శివార్లలోని దమ్‌దమ్‌లో దిగింది. దాన్ని నడుపుతున్నది అమీలియా ఇయర్‌హార్ట్. భూమధ్యరేఖకు దగ్గరగా ప్రపంచాన్ని చుట్టిరావాలన్నది ఆమె సంకల్పం. రుతుపవనాల రోజులు. వానకు తడిసి మైదానమంతా చిత్తడిగా ఉంది. అయినా మర్నాడే మళ్లీ ఎగిరి అక్యాబ్ మీదుగా రంగూన్ దారి పట్టారు. జూలై 2న పసిఫిక్ మహాసముద్రం మీద ఆచూకీ లేకుండా పోయారు. ఆమె యాత్రలో కలకత్తాకు దక్కింది ఒక్క రాత్రి. కానీ ఆ రాత్రి తప్పనిసరి. ఆ రోజుల్లో పడమటి నుంచి తూర్పుకు, తూర్పు నుంచి పడమటికి వెళ్లే ఎవరైనా సరే, ఈ ఊరిని తప్పించుకుని పోవడం కష్టం.

కారణం చిన్నదే. విమానం ట్యాంకు చిన్నది. అప్పటి విమానాలు కొన్ని వందల మైళ్లకోసారి దిగి ఇంధనం పోసుకోవాల్సిందే. లండన్ నుంచి వచ్చే ఇంపీరియల్ ఎయిర్‌వేస్ సర్వీసు 1933 జూలైలో కలకత్తాకు చేరింది. అదే ఏడాది చివరికి రంగూన్ మీదుగా సింగపూర్ దాకా సాగింది. 1935లో ప్రయాణికులను బ్రిస్బేన్ వరకూ తీసుకెళ్లడం మొదలుపెట్టినప్పుడు మొత్తం ప్రయాణానికి 12 రోజులకు పైగా పట్టేది. రాత్రి కాగానే విమానం ఆగేది. ప్రయాణికులు హోటల్లో పడుకుని తెల్లవారుజామున మళ్లీ ఎక్కేవారు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బటేవియాకు వెళ్లే డచ్చి వారి కెఎల్ఎమ్‌దీ ఇదే దారి. 1930ల చివర్లో నీటి విమానాలు వచ్చాక వాటికి దమ్‌దమ్‌తో కూడా పని లేకపోయింది. బాలీ దగ్గర ఏకంగా హుగ్లీ నదిలోనే వాలేవి.

ఇలాంటి ఊరికి తెలుగులో చక్కటి మాట ఉంది: మజిలీ. గమ్యం కాదు, దారిలో ఆగే చోటు. బండి ఎద్దులకు నీళ్లు, మనుషులకు అన్నం, కాసింత నిద్ర. 'స్టాపోవర్' అన్న విమానాల మాటకు ఇంతకన్నా మంచి తెలుగు దొరకదు.

ఆ మజిలీ లెక్కన కలకత్తాను చూసిన తెలుగువారిలో ముందు వరసలో నిలిచే వ్యక్తి ఏనుగుల వీరాస్వామి. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్. 1830 మే 18న దాదాపు వంద మంది పరివారంతో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరారు. కడప, హైదరాబాద్, నాగపూర్, జబల్‌పూర్, ప్రయాగ మీదుగా కాశీ చేరి, గయ చూసుకుని, తిరుగు దారిలో కలకత్తాకు వచ్చి, అక్కడి నుంచి పూరీ, గంజాం, విశాఖ మీదుగా 1831 సెప్టెంబర్ 3న మద్రాసులో కాలు పెట్టారు. పల్లకీ మీద, పడవ మీద, పదిహేను నెలలకు పైగా సాగిన ప్రయాణం. దారి పొడుగునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసిపంపిన వివరాలే 'కాశీయాత్ర చరిత్ర'. వీరాస్వామి 1836లో కన్నుమూశాక, 1838లో పిళ్లె దాన్ని అచ్చు వేయించారు. దిగవల్లి వేంకట శివరావు 1941లో మళ్లీ పరిష్కరించి ప్రచురించకపోతే ఈ తరానికి అది అందేదా అన్నది అనుమానమే.

వీరాస్వామి చూసిన కలకత్తా మామూలు ఊరు కాదు. కంపెనీ సర్కారు రాజధాని. సతీసహగమనాన్ని 1829 డిసెంబర్‌లో నిషేధించారు. దాని మీద పండితుల వాదోపవాదాలు ఇంకా చల్లారలేదు. రామమోహన రాయ్ 1830 నవంబర్‌లో ఇంగ్లండ్‌కు ఓడ ఎక్కారు. హిందూ కాలేజీలో డెరోజియో అనే కుర్ర ఉపాధ్యాయుడు విద్యార్థులకు లేనిపోని ప్రశ్నలు నేర్పుతున్నాడని పెద్దలు మండిపడి 1831 ఏప్రిల్‌లో ఉద్యోగం ఊడగొట్టారు. ఆ ఏడాది చివరికే, 22 ఏళ్ల వయసులో, కలరాతో అతను చనిపోయాడు. ఓ శతాబ్దం పాటు దేశమంతా చర్చించబోయే విషయాలు ఆ ఒక్క ఊరి వీధుల్లో ఉడుకుతున్న సమయమది.

వీరాస్వామి పద్ధతి ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ఏ ఊళ్లో ఆగినా నీళ్లు ఎలా ఉన్నాయి, ఏ సరుకులు దొరుకుతాయి, బస ఎక్కడ, దారి ఎలాంటిది, జనం ఎలా బతుకుతున్నారు అన్నదే ఆయన మొదటి ఆరా. తన ఊరితో పోలుస్తారు గానీ తన ఊరే కొలబద్ద అనుకోరు. భక్తుడే, ఆచారపరుడే. అయినా కళ్లు మూసుకున్న భక్తుడు కాదు. వెనక వచ్చేవాడికి దారి చెప్పాలన్న బాధ్యత ఆ రాతలో అడుగడుగునా కనిపిస్తుంది. ఇందుకు పూర్తిగా భిన్నమైన చూపు తర్వాతి కాలంలో ఓడల్లోంచీ విమానాల్లోంచీ దిగింది.

1888లో రుడ్యార్డ్ కిప్లింగ్ అలహాబాద్ నుంచి వెలువడే 'పయనీర్' పత్రిక తరఫున కలకత్తా వచ్చి వరుసగా వ్యాసాలు రాశారు. ఆయన ముందుగా పట్టుకున్నది ఊరి కంపు. ఆ వ్యాసాలకు పెట్టిన 'భయానక రాత్రుల నగరం' అన్న పేరు ఊరికి అంటుకుపోయింది. ఆ తర్వాత వచ్చిన చాలామంది ఆ పేరును జేబులో పెట్టుకునే దిగారు. 1960ల చివర్లో ఫ్రెంచి దర్శకుడు లూయీ మాల్ కెమెరాతో వచ్చారు. ఆయన తీసిన భారతదేశపు డాక్యుమెంటరీలను బీబీసీ ప్రసారం చేయడంతో 1970లో భారత ప్రభుత్వం ఏకంగా బీబీసీ ఢిల్లీ కార్యాలయాన్నే మూయించింది. 1985లో ప్రధాని రాజీవ్ గాంధీ కూడా ఇది చచ్చిపోతున్న నగరం అనేశారు. బెంగాలీలు ఆ మాటను ఇంతవరకూ మర్చిపోలేదు. అదే ఏడాది డొమినిక్ లాపియెర్ 'సిటీ ఆఫ్ జాయ్' వచ్చింది. పేరులో ఆనందం ఉన్నా, ప్రపంచం అందులో చూసింది హౌరా మురికివాడనే.

వీళ్లెవరూ అబద్ధం రాయలేదు. అక్కడే ఉంది చిక్కు. మజిలీ ప్రయాణికుడు చూసేది ఊరిని కాదు, విమానాశ్రయానికీ హోటల్‌కూ మధ్య ఉన్న రోడ్డును. కలకత్తా విషయంలో ఆ రోడ్డు ఉన్నది ఊరికి ఈశాన్యాన. 1947 తర్వాత తూర్పు బెంగాల్ నుంచి తరలివచ్చిన కాందిశీకులు ఆ వైపూ కాలనీలు కట్టుకున్నారు. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటి మంది శరణార్థులు భారత్‌లోకి వచ్చినప్పుడు, విమానాశ్రయం పక్క నుంచి పోయే జెస్సోర్ రోడ్డు వారితో నిండిపోయింది. దేశ విభజన గాయం సరిగ్గా విదేశీ ప్రయాణికుడి కారు అద్దానికి ఎదురుగా ఉంది. అతను రాత్రికి చౌరంఘీలోని గ్రాండ్ హోటల్‌లోనో, ఓల్డ్ కోర్ట్ హౌస్ స్ట్రీట్‌లోని గ్రేట్ ఈస్టర్న్‌లోనో పడుకుని, పొద్దున అదే దారిన వెళ్లి బ్యాంకాక్ విమానం ఎక్కేవాడు. అతను రాసిన ఉత్తరంలో కలకత్తా అంటే ఆ రోడ్డే. లండన్ దిగితే హీత్రో రోడ్డును చూసి ఇంగ్లండ్ గురించి తీర్పు చెప్పే సాహసం మనవాళ్లు ఎవరైనా చేస్తారా?

మజిలీగా దమ్‌దమ్ వైభవం మాత్రం తక్కువది కాదు. 1947 జూన్‌లో ప్యాన్ యామ్ సంస్థ ప్రపంచాన్ని చుట్టివచ్చే సర్వీసు ప్రారంభించినప్పుడు లండన్, ఇస్తాంబుల్, కరాచీ, బ్యాంకాక్‌ల సరసన కలకత్తా ఉంది. ప్రపంచంలోని తొలి జెట్ ప్రయాణికుల విమానం కామెట్ 1952 మేలో ఎగరడం మొదలుపెడితే, కొన్ని నెలల్లోనే సింగపూర్ దారిలో అది దమ్‌దమ్‌లో దిగింది. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 1953 మే 2న, దమ్‌దమ్ నుంచి లేచిన బీఓఏసీ కామెట్ కొద్ది నిమిషాల్లోనే వేసవి తుపాను గాలిలో చిక్కుకుని విరిగిపడింది. అందులోని 43 మందీ చనిపోయారు. బెంగాల్‌లో చైత్ర వైశాఖాల్లో సాయంత్రం పూట విరుచుకుపడే ఆ గాలివానను అక్కడ 'కాల్ బైశాఖి' అంటారు. జెట్ యుగం ఆ గాలి ముందు తలవంచింది.

ఇంత దూరం నేల మీదే వచ్చిన వాళ్లూ ఉన్నారు. 1957 ఏప్రిల్ 15న లండన్‌లో 20 మందితో బయల్దేరిన 'ఇండియామన్' అనే బస్సు యూరప్, టర్కీ, ఇరాన్, పాకిస్తాన్‌లు దాటి జూన్ 5న కలకత్తా చేరింది. టికెట్టు 85 పౌండ్లు. యాభై రోజుల తర్వాత బస్సు దిగినవాడికి కలకత్తా ఎలా కనిపించి ఉంటుందో ఊహించుకోవాల్సిందే. బహుశా మంచంలా కనిపించి ఉంటుంది.

తెలుగువాడి కలకత్తా మాత్రం దమ్‌దమ్ వైపు నుంచి మొదలు కాదు. అది హౌరా నుంచి మొదలవుతుంది. మద్రాసు మెయిల్, ఈస్ట్ కోస్ట్, 1977 నుంచి కోరమాండల్, 1993 నుంచి సికింద్రాబాద్ ఫలక్‌నుమా. 1,500 కిలోమీటర్లకు పైగా, ఒక పగలూ ఒక రాత్రీ మించిన ప్రయాణం. ఖరగ్‌పూర్ వచ్చేసరికి ప్లాట్‌ఫారం మీద తెలుగు మాటలు వినిపించి ఇల్లు చేరామా అన్న భ్రమ కలుగుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాప్ కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లినవారి మూడో తరం, నాలుగో తరం అక్కడ ఉంది. వాల్తేరు డివిజన్ 2003 వరకు ఆగ్నేయ రైల్వేలోనే ఉండేది. దాని ప్రధాన కార్యాలయం కోల్‌కతాలోని గార్డెన్ రీచ్. బదిలీ కావాలన్నా, ప్రమోషన్ ఫైలు కదలాలన్నా, సస్పెన్షన్ ఎత్తేయించుకోవాలన్నా విశాఖ, శ్రీకాకుళం, విజయనగరం రైల్వే కుటుంబాలు రాత్రి రైలెక్కి గార్డెన్ రీచ్‌కు పోయేవి. కొన్ని వేల ఇళ్లలో కలకత్తా అంటే కాళీమాత కన్నా ముందు గుర్తొచ్చేది ఆ ఆఫీసు.

హౌరాలో దిగిన తెలుగువాడికి మొదటి షాక్ ముక్కుకు. ఆవనూనె. నువ్వుల నూనె, వేరుశనగ నూనె తప్ప ఎరగని ముక్కుకు ఆ ఘాటు అలవాటు కావడానికి రెండు రోజులు పడుతుంది. రెండో షాక్ చెవికి. ముక్కూ మొహం తెలియని కూలీ, టాక్సీవాడు, టీ అమ్మేవాడు అందరినీ 'దాదా' అని పిలుస్తారు. మన దగ్గర దాదా అంటే పేటలో మామూళ్లు వసూలు చేసే రౌడీ. అక్కడ అన్నయ్య. దోసెడు కూడా పట్టని మట్టి కప్పులో టీ తాగి, ఆ కప్పును పగలగొట్టాలా దాచుకోవాలా తెలియక చేత్తో పట్టుకుని నిలబడిన తెలుగు కుటుంబాలు హౌరాలో ఎప్పుడూ కనిపిస్తాయి. మన అచ్చులన్నీ అక్కడ గుండ్రమవుతాయి. రసగుల్లా 'రొషోగొల్లా' అవుతుంది. ఇక ఆ మిఠాయి ఎవరిదన్న తగాదా జోలికి పోకపోవడమే మంచిది. భౌగోళిక గుర్తింపు 2017లో బెంగాల్ రసగుల్లాకూ, 2019లో ఒడిశా రసగుల్లాకూ విడివిడిగా ఇచ్చి కేంద్రం చేతులు దులుపుకుంది.

స్టేషన్ బయటికి రాగానే నది, నది మీద వంతెన. 1943 ఫిబ్రవరిలో తెరిచిన హౌరా బ్రిడ్జిని చూసి నోరు తెరవని వాడు లేడు. 26 వేల టన్నులకు పైగా ఉక్కు, అందులో సింహభాగం టాటాలది. ఎక్కడా నట్లూ బోల్టులూ లేవు, అంతా రివెట్లే. యుద్ధకాలంలో, జపాన్ విమానాలు బాంబులు వేస్తున్న రోజుల్లో, ఆర్భాటం లేకుండా దాన్ని తెరిచారు. దాని మీది నుంచి నడిచి వెళ్తే మల్లిక్‌ఘాట్ పూల బజారు. ఇవన్నీ చూస్తున్న తెలుగువాడికి ఇంకో సౌకర్యం ఉంది. ఆ ఊరు అతనికి కొత్త కాదు. చక్రపాణి తదితరులు తెలుగు చేసిన శరత్ నవలల్లో అతను కలకత్తా అద్దె గదుల్లో ఎన్నోసార్లు బస చేశాడు. 1953లో 'దేవదాసు', 1961లో 'బాటసారి' చూశాడు. తెలుగు టాకీ తొలినాళ్లలోని 'సతీ సావిత్రి' (1933), 'లవకుశ' (1934) తీసిందే కలకత్తా ఈస్టిండియా ఫిలిం కంపెనీ. సి.పుల్లయ్య దర్శకత్వంలో ఆంధ్ర నటీనటులు రైలెక్కి అక్కడికే వెళ్లి నటించి వచ్చారు. కిప్లింగ్ జేబులో పెట్టుకుని దిగిన తెల్లవాడికీ, శరత్‌బాబును జేబులో పెట్టుకుని దిగిన తెలుగువాడికీ ఒకే ఊరు కనిపించదు.

కలకత్తా మజిలీ తెలుగువారికి అన్నివేళలా వేడుక కాదు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో లక్షన్నరకు పైగా తెలుగువారు ఉండేవారు. రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో బరువులు మోసింది ఎక్కువగా వాళ్లే. కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కిన వాళ్లు కాబట్టి బర్మావాళ్లు తెలుగువారందరికీ 'కోరంగీలు' అని పేరు పెట్టారు. పోయేటప్పుడు వాళ్లకు కలకత్తాతో పని లేదు. కోరంగి, కాకినాడ, విశాఖల నుంచి నేరుగా ఓడలు ఉండేవి. 1941 డిసెంబర్‌లో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. డబ్బున్నవాళ్లు ఓడలు, విమానాలు ఎక్కారు. మిగిలిన లక్షలాది భారతీయులు అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగ్‌కూ, తము మీదుగా ఇంఫాల్, దిమాపూర్‌లకూ నడిచారు. కలరా, మలేరియా, ఆకలి. దారిలో వేలమంది రాలిపోయారు. ప్రాణాలతో బయటపడి రైళ్లెక్కిన వాళ్లలో ఎందరో కలకత్తా చేరి, హౌరాలో దక్షిణాది బండి పట్టుకున్నారు. వాళ్లకు ఆ ఊరి తొలి ముద్ర ఏమిటి? కంపూ కాదు, వంతెనా కాదు. కడుపు నిండా గంజి, ఇంటివైపు పోయే రైలు. ఆ కాలినడక కథలు శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల ఇళ్లలో నోటిమాటగా మిగిలాయి గానీ, పుస్తకాలకు ఎక్కింది తక్కువే. వీరాస్వామిలాంటి వాడు ఒక్కడు ఆ గుంపులో లేకపోవడం తెలుగు సాహిత్యానికి నష్టం.

1960ల మలి భాగం నుంచి దమ్‌దమ్ దశ తిరిగింది. విమానాల ట్యాంకులు పెద్దవయ్యాయి. 1970లో జంబో జెట్లు వచ్చాక మజిలీల అవసరమే తగ్గిపోయింది. దానికి తోడు నక్సల్బరీ రోజుల అశాంతి, ఫ్యాక్టరీల మూత, కరెంటు కోతలు. విదేశీ సంస్థలు ఒక్కొక్కటే ఢిల్లీకీ బొంబాయికీ మళ్లాయి. యూరప్‌తో మిగిలిన బంధాల్లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2009లో తెగింది, లుఫ్తాన్సా 2012లో తెగింది. విచిత్రమేమిటంటే సరిగ్గా అప్పుడే, 2013 జనవరిలో, కోల్‌కతాలో భారీ కొత్త టెర్మినల్ తెరిచారు. ఇల్లు పెద్దదయ్యేసరికి దూరపు చుట్టాలు రావడం మానేశారు. 2008 మార్చిలో శంషాబాద్ తెరుచుకున్నాక హైదరాబాద్ పరిస్థితి దీనికి తలకిందులు. ఒకప్పుడు నిజాం రాజధాని దాటి సముద్రం చూడాలంటే ఎక్కడెక్కడికో పోవాల్సిన తెలుగువాడు ఇవాళ ఇంటి దగ్గరే విమానమెక్కి గల్ఫ్‌లో మారి అమెరికాలో దిగుతున్నాడు. అతని మజిలీలు దుబాయ్, దోహా, అబుదాబి. అక్కడ అతను చూసేది చల్లటి గాజు హాలు, సుగంధాల దుకాణం. ఆ ఊళ్ల తొలి ముద్రలు అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఊళ్లో అడుగే పెట్టడు కాబట్టి.

కోల్‌కతా మజిలీ అసలు లేకుండా పోలేదు, దిశ మారింది. ఈశాన్య రాష్ట్రాలకు, అండమాన్‌కు, బ్యాంకాక్‌కు, భూటాన్‌లోని పారోకు పోయేవాళ్లు ఇప్పటికీ అక్కడ ఆగుతున్నారు. భారత్, చైనాల మధ్య ఐదేళ్లకు పైగా ఆగిన నేరు విమానాలు 2025 అక్టోబర్‌లో మళ్లీ మొదలైనప్పుడు, మొదట ఎగిరింది కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకే. ఇక రైళ్లలో వరస పూర్తిగా తిరగబడింది. కోరమాండల్ నిండా దక్షిణాదికి వైద్యం కోసం వెళ్లే బెంగాలీ రోగులు, వారి చేతుల్లో ఎక్స్‌రే కవర్లు, కూలికి పోయే బెంగాలీ కుర్రాళ్లు. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజార్ దగ్గర ఆ బండి ప్రమాదానికి గురై దాదాపు 300 మంది మరణించినప్పుడు, వారిలో అధికులు ఇలా బతుకుతెరువుకో వైద్యానికో బయల్దేరినవారే. ఒకప్పుడు తెలుగువాడు ఫైలు పట్టుకుని కలకత్తా పోయేవాడు. ఇప్పుడు బెంగాలీ మెడికల్ రిపోర్టులు పట్టుకుని వెల్లూరు, హైదరాబాద్ వస్తున్నాడు. చెన్నై సెంట్రల్‌లోనో, సికింద్రాబాద్‌లోనో దిగే అతనికి మన ఊళ్ల తొలి ముద్ర ఏమిటో ఎవరైనా అడిగి రాస్తే బాగుంటుంది. ఆటోవాడి చార్జీతో మొదలవుతుందనడంలో సందేహం లేదు.

2001 జనవరి 1న కలకత్తా కోల్‌కతా అయింది. అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయాక పచ్చ టాక్సీలు ఏటేటా తగ్గిపోతున్నాయి. ట్రాములను ఒక్క మైదాన్ దారికే పరిమితం చేస్తామని 2024లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. మనిషి లాగే రిక్షాలను నిషేధిస్తూ 2006లోనే చట్టం చేసినా అవి మాత్రం వీధుల్లో తిరుగుతూనే ఉన్నాయి. ఉండాల్సింది పోతూ, పోవాల్సింది ఉండిపోవడం ఆ ఊరికి అలవాటు.

తొలి ముద్ర కూడా మారబోతోంది. 2024 మార్చిలో హుగ్లీ అడుగున మెట్రో మొదలైంది. 2025 ఆగస్టులో హౌరా నుంచి సియాల్దా మీదుగా సాల్ట్‌లేక్ వరకు ఒక లైను పూర్తయింది, విమానాశ్రయానికి మరో లైను కలిసింది. ఫలక్‌నుమా దిగి బ్యాంకాక్ విమానం ఎక్కాల్సిన తెలుగువాడు ఇప్పుడు ఊరి మొహం చూడకుండానే, రెండుచోట్ల బండి మారి, దమ్‌దమ్ చేరిపోవచ్చు. ఆవనూనె ఘాటు లేదు, దాదాల కేకలు లేవు, వంతెన కనిపించదు. నది దాటడానికి పట్టేది ముక్కాలు నిమిషం. పైన హుగ్లీ ఉందని ప్రయాణికులకు తెలియడానికి సొరంగం గోడలకు నీలం రంగు దీపాలు పెట్టారు.